ఖాళీ మంచం మీద పరీక్ష

దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలన్న సంగతి నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. అంతకు ముందు హాస్టల్లో ఒక కొసని గడ్డం కింద నొక్కిపెట్టి ఎలాగో మడిచేదాన్ని. ఇప్పుడు ఆ కొసన ఆయన, ఈ కొసన నేను. మధ్యలో కలుసుకున్నప్పుడు తన చేతిలోని అంచులు నా చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుంటారు. పెళ్ళయి నలభై రెండు రోజులైంది. అవసరం లేకపోయినా నేను దుప్పట్లు ఉతుకుతున్నానని మా వదినకి అనుమానం.

ఆ ఆదివారం ఉదయం రెండో మడత దగ్గర ఉండగా ఫోన్ మోగింది. మా ఆసుపత్రి రికార్డింగ్ గదిలో పనిచేసే పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అంటాను.

"అమ్మాయ్, మంచం ఖాళీ అయింది. రావాల్సినావిడకి జ్వరమట. డాక్టరమ్మ మీ వదిన పేరు రాయమన్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికల్లా చేరాలి."

ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న మాట అది. నేను తలూపగానే మా ఆయనకి అర్థమైపోయింది. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని ముందుగదిలోకి పరుగెత్తారు. నా చేతిలోని కొసలు కూడా లాక్కుపోయారు.

"అక్కా, మంచం దొరికింది. రేపే."

వదిన కుట్టుమిషను చక్రం ఆగింది. "ఎన్ని రోజులు?"

"ఐదు."

"పోయినసారీ ఐదే," అని చక్రం మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది.

వదిన మా ఆయనకి అక్క. తొమ్మిదో ఏటి నుంచి మూర్ఛ వస్తుంది. బట్టలు కుట్టడంలో ఆమెని మించినవాళ్ళు మా వీధిలో లేరు కానీ మోటారు మిషను ముట్టుకోకూడదన్నారు. చేత్తో తిప్పే పాతదాని మీదే కుడుతుంది. నా పెళ్ళి జాకెట్టు దాని మీద కుట్టిందే. మందులు మూడు రకాలు మింగినా మూర్ఛ పూర్తిగా ఆగలేదు. మెదడులో అది ఏ చోట మొదలవుతుందో కచ్చితంగా తెలిస్తే ఆ చిన్న చోటుని తీసేయవచ్చని డాక్టరమ్మ చెప్పారు. తెలియాలంటే మూర్ఛ వస్తుండగా రికార్డు చేయాలి. మందులు ఆపేసి, తలకి తీగలు అంటించి, ఎదురుగా కెమెరా పెట్టి, రమ్మని పిలిచి మరీ కూర్చోవాలి. మెదడు అలలూ మనిషి కదలికా పక్కపక్కనే చూడాలి.

ఏడు నెలల కిందట అదే చేశారు. నాలుగు రోజులు ఏమీ రాలేదు. ఐదో రోజు వచ్చింది, గట్టిగా వచ్చింది. తీరా చూస్తే రికార్డులో సరిగ్గా అది మొదలైన చోట నాలుగు సెకన్లు లేవు. "ఎక్కడ మొదలైందో చూడకుండా అందాజుగా కత్తి పెట్టలేనమ్మా," అన్నారు డాక్టరమ్మ.

ఆ నాలుగు సెకన్ల కోసం దెబ్బలాడటానికే మా ఆయన మా కంప్యూటర్ల విభాగానికి వచ్చారు. అప్పటికి ఆయన నాకెవరూ కాదు. పోయిన ముక్క డిస్కులో ఎక్కడైనా దొరుకుతుందేమోనని నేను మూడు రోజులు వెతికాను. దొరకలేదు. డిస్కు పాతబడిందనుకుని కొత్తది వేశాను. ఆ మూడు రోజులూ ఆయన నా బల్ల పక్కన కూర్చుని, మూడో రోజు సాయంత్రం, "దొరక్కపోయినా పర్వాలేదండీ, మీరింత కష్టపడ్డారు," అన్నారు. తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. ఫిర్యాదు చేయడానికి వచ్చిన మనిషిని మీరు అని పిలిచిన నోరు ఇంకా మార్చుకోలేకపోతున్నాను.

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "మిషన్ బాగానే ఉంది కదా బాబాయ్?" అన్నాను.

"నిక్షేపంలా ఉంది. పోయినవారం ఒకావిడకి ఒక్క సెకను ఎగిరిపోయింది, అంతే. దగ్గు తెర వచ్చి లేచి కూర్చుంది. తీగ ఊడినట్టుంది, మళ్ళీ అంటించాను."

"తెర మీద ఒక్క తీగ గీతే పోయిందా, అన్నీ పోయాయా?"

"అన్నీ ఒక్కసారే పోయాయి."

ఒక తీగ ఊడితే ఒక గీత పాడవుతుంది. అన్ని గీతలూ ఒకేసారి పోయాయంటే తప్పు తలకి అంటించిన తీగల్లో లేదు, పెట్టె లోపల ఉంది. అదీ కొత్త డిస్కు వేశాక.

"వీడియోలో బొమ్మ ఎలా ఉంది బాబాయ్?"

"బొమ్మకేం, అద్దంలా ఉంది. నువ్వు బాగుచేశాక బొమ్మకి తిరుగులేదు."

గంటలో ఇద్దరం ఆసుపత్రిలో ఉన్నాం. దారిలో రోడ్డు దాటేటప్పుడు ఆయన ఎప్పటిలాగే నా చిటికెనవేలు పట్టుకున్నారు. రోడ్డు దాటాక కూడా ఓ పది అడుగులు వదలరు. ఆ పది అడుగుల కోసం నేను ఎన్ని రోడ్లయినా దాటుతాను.

రికార్డింగ్ గది చిన్నది. అద్దం గోడకి ఇవతల మిషన్, అవతల మంచం. బాబాయ్ తాళం తీసి, మరమ్మతుల పుస్తకం నా ముందు పెట్టాడు. మిషన్‌కి ఏం చేసినా అందులో రాయాలని ఆయన పట్టుదల. పేజీలు వెనక్కి తిప్పుతూ పోయాను. నా అక్షరాలే కనిపించాయి. వదిన పోయినసారి చేరడానికి ఆరు రోజుల ముందు తేదీ.

"వీడియో బొమ్మ కుదుపులుగా వస్తోందని ఫిర్యాదు. వీడియో కార్డు టైమరు 32 నుంచి 248కి పెంచాను. ఇరవై నిమిషాలు చూశాను. బొమ్మ సాఫీగా ఉంది." పక్కన బాబాయ్ చేతిరాతలో "శభాష్" అని ఉంది.

ఆ పెట్టెలో కార్డులన్నీ ఒకే దారి మీద సమాచారం పంపుకుంటాయి. దాన్ని బస్ అంటారు. ఒకసారికి ఒకరే మాట్లాడాలి. వంతు వచ్చినవాళ్ళు ఇంకొకరు అడిగినా ఎంతసేపు దారి వదలకుండా ఉండవచ్చో చెప్పే అంకె ఆ టైమరు. వీడియో కార్డుకి 248 ఇచ్చానంటే, దాదాపు ఉన్నంతా దానికే రాసిచ్చానన్న మాట. డిస్కుని నడిపే కార్డు పాపం 32తోనే ఉంది. అలలు తీసుకువెళ్ళి డిస్కు మీద రాయాల్సింది అదే. దాని దగ్గర ఉన్నది చిన్న జోలె. వంతు కోసం ఎక్కువసేపు నిలబడితే జోలె నిండి పొర్లిపోతుంది. పొర్లినది ఇక ఎక్కడా ఉండదు. నేను మూడు రోజులు వెతికింది అసలు ఎప్పుడూ రాయనే రాయని ముక్క కోసం.

మరి మిగతా వేళల్లో ఎందుకు పొర్లలేదు? వీడియో కార్డు కదలని వాటిని మళ్ళీ మళ్ళీ పంపదు, మారిన భాగాన్నే పంపుతుంది. మనిషి నిద్రపోతుంటే దానికి పని తక్కువ. మనిషి కొట్టుకున్నప్పుడు ఒక్కసారిగా వందరెట్లు పని. ఇరవై నిమిషాలు నేను చూసింది దేన్నో నాకు గుర్తొచ్చింది. మంచం మీద ఎవరూ లేరు. తెల్ల దుప్పటి, దిండు. ఖాళీ మంచం బొమ్మ చూసి సాఫీగా ఉందని రాశాను.

"ఏమైంది?" అన్నారు ఆయన.

"పరీక్ష చేయాలి. మీరు మంచం మీద పడుకోవాలి." మిగతాది కెమెరా వైపు చూసి చెప్పాను. "మీ అక్కకి వచ్చినట్టు చేయాలి."

ఆయన చెప్పులు విడిచి, వాచీ తీసి నాకిచ్చి, లోపలికి వెళ్ళి పడుకున్నారు. అలలకి బదులుగా నకిలీ అలలు పంపే చిన్న డబ్బా ఉంటుంది మా దగ్గర. దాన్ని తగిలించి, కెమెరా పెట్టి, అంకెలేవీ మార్చకుండా రికార్డింగ్ మొదలుపెట్టాను.

ఆయన ఏదో కాళ్ళూ చేతులూ ఆడిస్తారనుకున్నాను. అలా కాదు. ముందు కుడిచేతి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. కాసేపటికి మిగతా వేళ్ళు దాని మీద మూసుకున్నాయి. నోరు ఒక పక్కకి లాగింది. తల మెల్లగా కుడివైపు తిరిగింది, ఎవరో పిలిస్తే తిరిగినట్టు. ఆ తర్వాత మంచం ఊగింది. ఏడేళ్ళ వయసు నుంచి పక్కన కూర్చుని చూసినవాడు తప్ప అంత వివరంగా ఎవరూ చేయలేరు.

బాబాయ్ కళ్ళజోడు తీసేశాడు. "చాలు బాబూ," అన్నాడు. అద్దం అవతలికి వినిపించదు.

నేను తెర చూస్తున్నాను. తల తిరిగిన చోట అన్ని గీతలూ ఒక్కసారి ఆగిపోయి, మూడున్నర సెకన్ల తర్వాత మళ్ళీ పుట్టాయి. బొమ్మ మాత్రం అద్దంలా ఉంది.

వీడియో టైమరు పాత 32కి దించాను. "ఇంకోసారి," అని మైకులో చెప్పాను. గీతలు తెగలేదు కానీ బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ముడుచుకునే వేలు కనిపించనేలేదు. డాక్టరమ్మకి వేలూ కావాలి, గీతా కావాలి. వీడియోకి 64, డిస్కుకి 64 ఇచ్చాను. అర సెకను తెగింది. డిస్కుకి మరీ పెంచితే బొమ్మ ఒక గెంతు గెంతింది. ఎవరికి ఎక్కువ ఇచ్చినా రెండోవాళ్ళు గొంతు చించుకుంటారు. ప్రతిసారీ ఆయన అదే వరసలో, వేలు దగ్గర నుంచి మొదలుపెట్టారు. ఐదోసారికి చొక్కా తడిసింది. ఏడోసారి అయ్యాక మంచం అంచున కూర్చుని తల వంచుకున్నారు.

"నీళ్ళు తాగండి," అన్నాను మైకులో.

"ఎన్ని మిగిలాయి?"

"తెలీదు."

"సరే, కానివ్వు," అని మళ్ళీ పడుకున్నారు.

తొమ్మిదోసారి వీడియోకి 72, డిస్కుకి 96. గీతలు ఎక్కడా తెగలేదు. బొమ్మలో బొటనవేలు గోరు కూడా కనిపించింది. అదే అంకెలతో ఇంకో రెండుసార్లు చేయించాను. మిషన్ ఆపి మళ్ళీ పెడితే అప్పట్లో నేను రాసిపెట్టిన 248 తిరిగి వస్తుంది కాబట్టి, దాన్ని తీసేసి, ప్రతిసారీ మొదలవగానే కొత్త అంకెలు వాటంతట అవే పడేలా రాసిపెట్టాను. ఒకటికి రెండుసార్లు ఆపి, పెట్టి, చూశాను.

బాబాయ్ పుస్తకం నా ముందుకి తోశాడు. ఏం మార్చానో రాశాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా రాశాను. రాసింది చదివి ఆయన పేజీలు వెనక్కి తిప్పి, తన అక్షరాల మీద వేలు పెట్టాడు.

"నేను శభాష్ అని రాశాను కదమ్మా," అన్నాడు. "గీత తెగినప్పుడల్లా జిగురుని తిట్టాను. ఈ ఏడు నెలల్లో ఇంకా ఇరవై ముగ్గురు పడుకున్నారు ఆ మంచం మీద."

పుస్తకం మూసి ఆయన చేతికిచ్చాను.

మా ఆయనకి ఆసుపత్రి మెట్ల మీద చెప్పాను. అంకెలూ తేదీలూ అన్నీ. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. ఆయన వాచీ పెట్టుకుంటూ విన్నారు. పెట్టుకోవడం అయిపోయాక కూడా బెల్టు సరిచేస్తూనే ఉన్నారు.

"ఆ మూడు రోజులూ నువ్వు వెతికావు," అన్నారు.

"అవును."

"నీకప్పుడు తెలీదు."

"తెలీదు. కానీ చూసి ఉండాల్సింది."

"అక్కకి చెయ్యి కాలింది ఆ తర్వాతే," అన్నారు.

తెలుసు. నాలుగు నెలల కిందట ఇస్త్రీ చేస్తుండగా మూర్ఛ వచ్చింది. ఎడమ మోచేతి కింద ఇస్త్రీపెట్టె అడుగు ఆకారంలోనే మచ్చ ఉంది. నా పెళ్ళి జాకెట్టుకి కొలతలు తీస్తున్నప్పుడు ఆ మచ్చ నా మెడకి గరుకుగా తగిలింది.

"అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి," అన్నారు. రోడ్డు దాటేటప్పుడు రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. నేను పక్కనే నడిచాను. అంత వెడల్పు రోడ్డుని నేనెప్పుడూ దాటలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. తీగలు అంటుకోవాలంటే తలకి నూనె ఉండకూడదు. వదిన అప్పటికే జుట్టు విప్పుకుని స్నానాల గదిలో చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఒంటరిగా తలుపేసుకుని తలంటుకోవడం ఆమెకి కుదరదు. ఎవరో ఒకరు ఉండాలి. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఎవరో ఒకరు నేనే.

"రా రా, ఇంజినీరమ్మా. వేడినీళ్ళు చల్లారుతున్నాయి. మొగుడూ పెళ్ళాలు ఆదివారం పూట ఆసుపత్రికి షికారు వెళ్ళడం మీ దగ్గరే చూశాను."

చెంబుతో నీళ్ళు పోశాను. సబ్బు రుద్దాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. నాకు అదే మంచిదనిపించింది. ఆ తర్వాత, కళ్ళు మూసుకున్న మనిషికి చెప్పి తప్పించుకోవడం అన్యాయమనిపించి, నీళ్ళు పోసి నురగంతా కడిగేశాను. తువ్వాలుతో ముఖం తుడిచాను. కళ్ళు తెరిచాక చెప్పాను, ఖాళీ మంచం చూసి తప్పు అంకె వేసిన సంగతీ, అది పుస్తకంలో ఉన్న సంగతీ, ఆ ఇరవై ముగ్గురి సంగతీ.

వదిన నా వైపు చూస్తూనే విన్నది.

"ఎంత వేశావు?" అంది.

"248."

"ఎంత వెయ్యాల్సింది?"

"72. డిస్కుకి 96."

"ఎవరూ లేని మంచం చూసి సరిపోయిందన్నావు."

"అవును వదినా."

"జాకెట్టు కుట్టాక ఊరికే నిలబెట్టి చూసి పంపిస్తామా?" అంది. గొంతు పెంచలేదు. "చేతులు ఎత్తమంటాం. వంగమంటాం. గట్టిగా ఊపిరి తీసుకోమంటాం. బొమ్మలా నిలబెడితే ప్రతి జాకెట్టూ సరిపోతుంది. నీకు ఎన్నిసార్లు చేతులు ఎత్తించాను?"

"నాలుగుసార్లు."

"విసుక్కున్నావు కూడా." మోచేతి మచ్చ మీద అంటుకున్న తడి జుట్టుని తీసేసింది. "ఐదు రోజులు, మందులు లేకుండా. మంచం మీదే పాస్ పోసుకున్నాను. అవన్నీ మీ కెమెరా చక్కగా తీసిందట. కావాల్సింది మాత్రం పోయింది. ఏడు నెలలు."

క్షమించమని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆ మాట అంటే ఆమె ఏదో ఒకటి తిరిగి చెప్పాల్సి వస్తుంది, ఇంకో బరువు ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది.

"ఇవాళ ఎవరిని పడుకోబెట్టావు?" అంది ఉన్నట్టుండి.

"ఆయన్ని."

"వాడు నాలాగా చేశాడా?"

"పదకొండుసార్లు చేశారు. వేలు దగ్గర నుంచి."

వదిన ముఖం అటు తిప్పుకుంది. "వేలు దగ్గర నుంచా," అంది. "నేనెలా ఉంటానో నాకెప్పుడూ తెలీదు. వాడు అంతా చూశాడన్న మాట." కాసేపయ్యాక ముక్కు ఎగబీల్చి, "ఆ నాలుగు సెకన్లు పోకపోతే వాడు మీ ఆఫీసుకి వచ్చేవాడు కాదు. ఇంకా నా వంటే తింటూ ఉండేవాడు, వెధవ," అంది. నవ్విందో లేదో వెనక నుంచి నాకు కనిపించలేదు.

జుట్టు తుడుస్తుండగా తలుపు దగ్గర అలికిడైంది. మా ఆయన ఇంకో బకెట్టు వేడినీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టారు. ఎప్పటి నుంచి అక్కడ నిలబడి ఉన్నారో తెలియదు. బకెట్టు నుంచి ఆవిరి పోవడం లేదు.

"నీళ్ళు చల్లారిపోయాయి రా, చెవులు అప్పగించి నిలబడితే," అంది వదిన. "పో, పొద్దుటి దుప్పటి నా మిషను మీద పారేసి పోయావు. తియ్యి."

నేను ముందుగదిలోకి వచ్చేసరికి ఆయన దుప్పటి రెండు కొసలు పట్టుకుని ఒక్కరే నిలబడి ఉన్నారు. రెండో కొసలు నేల మీద ఉన్నాయి. నేను వంగి అందుకున్నాను. మడత కోసం దగ్గరకి వచ్చినప్పుడు అంచులు నా చేతిలో పెట్టారు. వేళ్ళు వెంటనే తీసుకోలేదు.

వదిన తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, మిషను ముందు కుర్చీలో కూర్చుంది. సగం కుట్టిన గుడ్డ తీసి పక్కన పెట్టి, ఒక్కో మాటా గుండీ కుట్టినట్టు చెప్పింది.

"రేపు ఎనిమిదింటికల్లా బయల్దేరాలి. నువ్వు రావద్దురా తమ్ముడూ, ఇవాళ్టికి నువ్వు పడ్డది చాలు. ఇంట్లో ఉండి అన్నం వండు. ఇంజినీరమ్మ వస్తుంది నాతో. ముందు డాక్టరమ్మ గదికి వెళ్దాం. ఇంజినీరమ్మా, ఆ పుస్తకం ఆవిడకి నువ్వే చూపించు, ఆ ఇరవైమూడు మందినీ మళ్ళీ పిలవమని నువ్వే అడుగు. నేను పక్కన నిలబడతాను. అది అయ్యాక నేను వెళ్ళి పడుకుంటాను. నువ్వు అద్దం ఇవతల కూర్చో. నాకు వచ్చినప్పుడు పరుగెత్తుకు రావద్దు, నర్సులు చూసుకుంటారు. నా వంక చూడను కూడా చూడకు. గీతలు చూడు."